పోటూ పాటూ – ఒక గాలం చదువు

చెరువులో చేపలు పట్టడం ఓపికకు సంబంధించిన విద్య. పోటునీటిలో పట్టడం కాలానికి సంబంధించిన విద్య. ఈ రెంటికీ ఉన్న భేదం నాకు అరవై ఒకటో ఏట బోధపడింది. ముప్పై మూడేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా ఛందస్సూ, అలంకారాలూ చెప్పి, 2015లో పదవీ విరమణ చేసి, 2018లో కరీంనగర్ జిల్లా వదిలి గోదావరి చివరి నేలకు వచ్చిన తర్వాత మాట ఇది.

మాది చెరువు ఊరు. మత్తడి దూకితే ఊరంతా పండుగ. ఏడేళ్ళ వయసులో మా నాయన నా చేత మొదటిసారి గాలం పట్టించాడు. వెదురు కట్టె, దారం, జొన్న సొప్ప లోపలి తెల్లని బెండు, పెంటకుప్ప పక్కన తవ్విన ఎర్రలు – ఇంతే సరంజామా. బెండు మునిగిందా, లాగడమే. మా వైపు కొర్రమట్ట అంటాము, ఇటువైపు కొర్రమీను. అది పైకి వచ్చి గాలి పీల్చుకునే చేప. తన పిల్లలను గుంపుగా పెట్టుకుని కింద కాపలా తిరుగుతుంది. నీటి మీద ఎర్రని ముద్దలా ఆ పిల్లలు కదులుతుంటే అక్కడ గాలం వేయరాదని మా నాయన శాసనం. ఎందుకని అడిగితే, "తల్లిని పట్టినంక ఆ పిల్లలకు దిక్కెవరురా?" అన్నాడు. నీతిచంద్రిక చదవకముందే నేను విన్న నీతివాక్యమది.

చెరువుకు ఒక లక్షణం ఉంది. నిన్న ఉన్న చోటే ఇవాళా ఉంటుంది. నీరు తగ్గుతుంది, పెరుగుతుంది. కానీ దానికి నెలలు పడుతుంది. కనుక చెరువు మనిషి నీటిని స్థలంగా చూస్తాడు. ఫలానా తుమ్మచెట్టు కింద, ఫలానా తూము దగ్గర అని గుర్తులు పెట్టుకుంటాడు.

2017లో మా ఇంటావిడ కాలం చేసింది. ఆ మరుసటి ఏడాది మా అమ్మాయి నన్ను తన వద్దకు తీసుకువచ్చింది. ఉద్యోగరీత్యా వాళ్ళు తాళ్ళరేవు మండలంలో ఉంటున్నారు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారి అది. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలిపోతుంది కదా, అందులో గౌతమి ఇటు వచ్చి, మళ్ళీ చిన్న పాయలుగా విడివడి, మడ అడవుల గుండా సముద్రంలో కలుస్తుంది. ఇంటికి అర కిలోమీటరు దూరంలో అటువంటి పాయ ఒకటి ఉంది. అల్లుడు మంచివాడు, మనుమడు ముద్దులవాడు, ఎవరూ ఏ లోటూ చేయలేదు. కానీ నా ఊళ్ళో నేను "సారు"ను. ఇక్కడ ఎవరికీ ఏమీ కాను. ఇంట్లో మాట్లాడవలసిన మాటలు రోజుకు పదికి మించేవి కావు. ఆ పది అయిపోయాక నేను పాయ ఒడ్డుకు పోయేవాణ్ణి.

పది రోజులు గాలం లేకుండా ఊరికే చూశాను. ఉదయం మెట్లు మునిగేదాకా నీరుండేది. మధ్యాహ్నానికి అవే మెట్ల కింద బురద బయటపడి, దాని మీద చిన్న చేపలు రెక్కలూనుకుని గెంతేవి. సాయంకాలానికి మళ్ళీ నీరు. అదీ ఎటునుంచి? సముద్రం వైపునుంచి, ఎగువకు! నది వెనక్కి నడవడం కళ్ళారా చూస్తే, మెట్టప్రాంతంలో పుట్టినవాడికి గుండె ఒకసారి ఆగుతుంది. పదకొండో రోజున గాలం తీసుకుని రేవులో కూర్చున్నాను. పడవకు తారు పూస్తున్న ఒకాయన, నాకంటె నాలుగైదేళ్ళు పెద్దవాడు, చాలాసేపు చూసి చూసి అడిగాడు.

"మాష్టారూ, ఇవాళ తిథి ఏటండీ?"

నేను మాష్టారినని ఈయనకెలా తెలుసునా అని ఆశ్చర్యపోతూనే "అష్టమి" అన్నాను.

"మరి అష్టమి నీళ్ళకి గాలవేటండీ? నీళ్ళు నిద్రోతుంటే చేప మాత్రం మేలుకుంటాదాండీ? అమాస ఎల్లాక రండి, సెబుతాను."

ఆ విధంగా నాకు గురువు దొరికాడు. ఆయన చదువుకోలేదు. పేరు ఇక్కడ రాయను; రాస్తే ఆయనకు సిగ్గు.

ఆయన దగ్గర నేను నేర్చిన మొదటి పాఠం ఇది. బంగాళాఖాతపు ఒడ్డున రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరసలో చేరడం వల్ల నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. నిజానికి ఆ ఉద్ధృతి తిథి నాటికంటె ఒకటి రెండు రోజుల తర్వాత, విదియ ప్రాంతంలో, ఎక్కువగా కనబడుతుంది. అష్టమి నవములలో ఆ రెండు లాగుళ్ళూ అడ్డంగా పడి నీరు మందగిస్తుంది. ఆయన దాన్ని నిద్ర అంటాడు. వేగంగా కదిలే నీటిలో చిన్న రొయ్యలూ, పరిగెలూ నిలవలేక కొట్టుకువస్తాయి. వాటికోసం పెద్ద చేప మాటువేస్తుంది. నీరు కదలకపోతే దానికి మేత కదలదు, మనకు చేప కదలదు.

రెండవ పాఠం లెక్క. పోటు రోజూ ఒకే వేళకు రాదు. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయించినట్టే పోటూ సుమారు 50 నిమిషాలు వెనుకబడుతుంది. ఆయన దీన్ని "తిథికి రెండు ఘడియలు" అన్నాడు. ఘడియకు 24 నిమిషాలు గనుక రెండు ఘడియలంటే 48. పక్షానికి 15 తిథులు, 30 ఘడియలు, అనగా 12 గంటలు! అందుకే అమావాస్య నాడు పోటు ఏ వేళకు వస్తుందో, పౌర్ణమి నాడూ గడియారంలో దాదాపు అదే వేళకు వస్తుంది. మన రేవులో అమావాస్య నాటి పోటు వేళను ఒకసారి రాసి పెట్టుకుంటే చాలు. తక్కినదంతా పంచాంగమే చెబుతుంది. ఇంట్లో గోడకు తగిలించిన పంచాంగానికి ఇటువంటి ఉపయోగం ఉందని విన్న మనుమడు దాన్ని తన పుస్తకాల బల్ల పక్కకు మార్చుకున్నాడు.

ఇప్పుడు ఫోనులోనే పోటు వేళలు వస్తాయి. భారత సర్వేక్షణ శాఖ పట్టికలు అచ్చువేస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రంలో చేపలు దొరికే చోట్లను ఉపగ్రహాల సాయంతో సూచిస్తుంది. అవన్నీ గొప్పవే. కానీ పట్టిక చెప్పేది రేవుపట్టణపు వేళ. పాయలో లోపలికి పోయిన కొద్దీ పోటు ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమన్నది ఆ వంకరకు ఆ వంకరే చెప్పాలి. మా గురువుగారు మూడు వంకరలకు మూడు వేళలు చెబుతాడు.

అమరకోశం నానార్థవర్గంలో 'వేలా' శబ్దానికి అర్థాలున్నాయి: సముద్రజలం పొంగి తగ్గే వికారం, కాలం, హద్దు. ఆ సంస్కృతపు 'వేల'యే మనకు 'వేళ' అయింది. ఒకే మాటకు పొంతనలేని మూడు అర్థాలెందుకని ఒక విద్యార్థి తరగతిలో అడిగితే, ప్రయోగాన్ని బట్టి గ్రహించాలని చెప్పాను. ఆ జవాబులో దోషం లేదు. కానీ ఈ రేవు మెట్ల మీద కూర్చుంటే ఆ మూడూ మూడు కావు, ఒకటే. నీరు ఎంతవరకు వచ్చిందో అది హద్దు, ఎప్పుడు వచ్చిందో అది కాలం, వచ్చిందే పోటు. ఈ మాటను కూర్చినవాడెవరో తప్పక తీరవాసి అయి ఉంటాడని నాకు గట్టి నమ్మకం.

సరంజామా కూడా మారిపోయింది. ప్రవాహంలో బెండు నిలవదు. దాన్ని తీసేసి సీసపు గుండు కట్టాను. బెండు ఉన్నప్పుడు కన్ను చూసేది, ఇప్పుడు చూపుడు వేలు వినాలి. దారం వేలికి ఆనించి కూర్చుంటే మండపీత ఎర కొరుకుతున్నదా, చేప లాగుతున్నదా తెలుస్తుంది. పీత గీకుతుంది, చేప గుంజుతుంది. నాకీ భేదం పట్టుబడడానికి ఒక ఏడాది పట్టింది. ఎర్రలకు బదులు బతికిన రొయ్య. ఒడ్డున మడచెట్ల నడుమ కూర్చునేటప్పుడు తిల్ల కొమ్మ విరవకూడదు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. జెల్లను గాలం నుంచి విడిపించేటప్పుడు వీపు ముల్లూ, రెక్కల ముళ్ళూ తప్పించి పట్టాలి. ఒకసారి అది నా బొటనవేలిలో దిగింది. గురువుగారు పరుగున ఇంటికి తీసుకుపోయి, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చెయ్యి ముంచి పెట్టించాడు. ఆ విషం వేడికి విరుగుతుంది. వాళ్ళావిడ పక్కన కూర్చుని, నొప్పి మరిపించడానికి కాబోలు, మా ఊరి విశేషాలన్నీ అడిగింది. నా భార్య గురించి ఈ ప్రాంతంలో నేను మొదటిసారి మాట్లాడింది ఆ రోజే, చెయ్యి వేడినీళ్ళలో పెట్టుకుని.

ఇక్కడి నీటికి రుచి కూడా స్థిరం కాదు. వేసవిలో బరాజు నుంచి వచ్చే నీరు తగ్గి ఉప్పు ఎగువకు పాకుతుంది. అప్పుడు పండుగప్ప కోసం కూర్చోవాలి. ఈ చేప మగదిగా పెరిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. గుడ్లకోసం ఉప్పునీటి వైపు పోతుంది. వానాకాలంలో ఎర్రనీరు దిగితే సముద్రపు చేప ఎదురీదుతూ నదిలోకి వస్తుంది, అదే పులస. పుస్తెలమ్మైనా తినమన్నారు గానీ, అది గాలానికి పడదు. నీటిలోని కంటికానని సూక్ష్మజీవులే దాని మేత. దానికి వలే శరణ్యం. వల నాది కాదు. వల వేసేవాళ్ళకు అది అన్నం. వాళ్ళు వల కట్టే చోట గాలం వేయను, పట్టింది అమ్మను, అరచేతిలో ఇమిడేదాన్ని తిరిగి వదిలేస్తాను. ఇవి ఎవరూ పెట్టిన నియమాలు కావు. మా నాయన శాసనానికి కొనసాగింపు మాత్రమే.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ఆ నీరు మా పాయకు చేరిన రోజుల్లో పోటు మెట్లమీద తన జాడ చూపలేకపోయింది; సముద్రం తోసినా నది వెనక్కి తగ్గలేదు. ఎర్రని నీటిలో చెట్ల కొమ్మలూ, గడ్డివాముల ముక్కలూ కొట్టుకుపోతున్నాయి. గురువుగారూ నేనూ గట్టుమీద నిలబడి చూస్తున్నాం. మా ఊరి మత్తడి దూకిన నీరు వాగులో పడుతుంది, వాగు మానేరులో పడుతుంది, మానేరు మంథని దాపున గోదావరిలో కలుస్తుంది. ఈ సంగతి ఆయనకు చెప్పాను.

ఆయన కాసేపు నీటినే చూసి, "అయితే మీ ఊరి నీళ్ళు మీకంటె ముందే ఇక్కడికొచ్చేసినాయన్నమాట. ఆయ్, మీరే ఆలీసంగా వచ్చేరండీ మాష్టారూ" అన్నాడు.

అప్పటినుంచి ఎవరైనా "మీదే ఊరండీ?" అని అడిగితే చెప్పడం నాకు సులువైంది.

ఆయన కొడుకులిద్దరూ వేరే పనుల్లో స్థిరపడ్డారు. పడవ ఎక్కమంటే ఎక్కరు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ రాబడితో ఇల్లు గడవడం ఎంత కష్టమో వాళ్ళు పుట్టినప్పటినుంచీ చూశారు. అందుకని ఆయన చెప్పినవన్నీ నేను ఒక నోటుపుస్తకంలో ఎక్కిస్తున్నాను: ఏ తిథికి ఏ వంకర, ఏ గాలికి ఏ చేప, ఏ నీటి రంగుకు ఏ ఎర. "రాసుకుంటే వచ్చేది కాదండీ ఇది" అని నవ్వుతాడు గానీ, నేను తప్పుగా రాసుకున్నానేమోనని వారానికొకసారి చదివించుకుని వింటాడు. రెండుసార్లు దిద్దించాడు కూడా. ముప్పై మూడేళ్ళు పరుల నోటుపుస్తకాలు దిద్దిన చేతికి ఈ దిద్దుబాటు ఎంతో హాయిగా ఉంది.

పుస్తకం వెనుక పేజీల్లో మాటల పట్టిక ఒకటి మొదలుపెట్టాను. మా మత్తడి ఇక్కడివారికి తెలియదు. వీరి 'మొగ' – నది సముద్రంలో పడే నోరు – మాకు తెలియదు. ఏటి ఒడ్డునో, చెరువు గట్టునో పెరిగిన చదువరులు చాలామంది ఉండి ఉంటారు. మీ వైపు చేపల పేర్లు, గాలం భాగాల పేర్లు, నీటి నడకకు వాడే మాటలు గుర్తున్నవి గుర్తున్నట్టు రాయండి. ఎవరి ఊరి మాటో కూడా రాయండి, అలాగే ఎక్కించుకుంటాను. రేపు విదియ. పోటు మొదలయ్యే వేళకు రేవులో ఉండాలి కనుక ఇంతటితో ముగిస్తున్నాను.