నల్లని ఇసుక, మంచి మాట

సూరత్ నగరానికి నైరుతి దిశగా, అరేబియా సముద్రపు ఒడ్డున, డుమస్ తీరం ఉన్నది. అక్కడి ఇసుక నల్లనిది. అయినా ఛాయాచిత్రాలలో అది తరచు వెలిసిన బూడిదరంగుగా కనిపిస్తుంది. కెమేరాలోని కాంతిమాపకం ఎదుటి దృశ్యం సగటున బూడిదవన్నెదని భావించి, అవసరానికి మించిన వెలుతురును లోనికి రానిస్తుంది.

అటువంటి చిత్రాన్ని చూపి సలహా కోరిన యువకునితో “బాగుంది” అన్నా, “బాగులేదు” అన్నా ప్రయోజనం శూన్యం. రెండవ మాటకు అతడు కెమేరాను అటకెక్కించవచ్చు కూడా. “వెలుతురు ఒక స్టాపు తగ్గించు; దిగంతరేఖను కాస్త పైకి జరిపి, ఆటుపోటు ఇసుకపై విడిచిన గీతలకు చోటివ్వు” అంటే మరునాడే మళ్ళీ తీరానికి వెళతాడు.

సూరత్ మరమగ్గాలపై బ్రతికే తెలుగు నేతవారికి ఈ సంగతి తెలిసినదే: బట్ట చెడిందని కేకలు వేస్తే చాలదు, తెగిన పోగును వేలితో చూపాలి.