చలి వెళ్లాక లంబసింగి

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి వెళ్లేవాళ్లలో చాలామంది అర్ధరాత్రి దాటాక బయలుదేరి, నర్సీపట్నం మీదుగా చీకట్లోనే ఘాట్ ఎక్కుతారు. చెరువులవేనం కొండమీద మంచు చూసి, నెగడు దగ్గర చలి కాచుకుని, ఎండ ముదరగానే దిగిపోతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి ‘ఆంధ్రా కశ్మీర్’ అన్న పేరు వచ్చింది ఆ వేకువల చలివల్లే. ఆ మంచు అందాన్ని కాదనను. కానీ కొండ ఊరును నిజంగా చూడాలనుకునేవాళ్లు మిగతా నెలల్లో, అన్‌సీజన్ అని మనం వదిలేసిన రోజుల్లో వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం. మనకు ఖాళీ అనిపించే ఆ కాలంలోనే అక్కడివాళ్లకు తీరిక ఉండదు.

కాఫీ సంగతే చూడండి. ఈ మన్యంలో కాఫీ మొక్క సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరుగుతుంది, ఆ చెట్లకే మిరియపు తీగ పాకుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే, కొద్దిరోజులకే కొమ్మల నిండా తెల్లటి పూలు విచ్చుకుంటాయి. మల్లెల్లాంటి వాసన తోటంతా కమ్ముకుంటుంది. మూడు నాలుగు రోజుల్లో ఆ పూత రాలిపోతుంది. ఆ వాన వేళకు పడకపోతే ఆ ఏటి పంట తగ్గినట్టే. పువ్వు కాయై, పండై ఎరుపెక్కడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. శీతాకాలంలో వెళ్లినవాళ్లకు కనిపించేది ఆ కథలో చివరి ఘట్టమే. కాఫీ పూసే చైత్రంలోనే అక్కడి గిరిజనుల ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్లు వేటకు కదులుతారు. తొలకరితో దుక్కులు, చోడి, సామ, వరి నాట్లు. మిరియపు తీగ కంకి తొడిగేదీ ఆ వానలకే. అన్నట్టు, అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది 1922 ఆగస్టు 22న, వానాకాలం నడుమ. ఆగస్టులో ఆ అడవి ఎంత దట్టంగా ఉంటుందో చూస్తే, దారులు తెలిసినవాళ్లకు అది ఎంత బలమో అర్థమవుతుంది.

వానల్లో కొండకు వెళ్లమనడం ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే. చరియలు విరిగిపడతాయి, వాగులు ఉన్నట్టుండి పొంగుతాయి, మలేరియా భయం ఉంది. భారీ వర్షాల హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోవాలి, పొంగే వాగును దాటకూడదు, చీకట్లో ఘాట్ ఎక్కకూడదు. అయితే ఆ ఇబ్బంది మనకు ఒకటి రెండు రోజులు, వాళ్లకు ఏటా నెలల తరబడి. మన్యంలో గర్భిణిని డోలీలో మోసుకెళ్లారన్న వార్త చదివినప్పుడు, జనవరి తారురోడ్డు మాత్రమే చూసినవాళ్లకు అది వేరే దేశపు మాటలా తోస్తుంది. బురదలో కిలోమీటరు నడిచినవాళ్లకు అలా తోచదు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. పనుల్లో మునిగిన ఊరికి మనం వెళ్లి అడ్డుపడటం ఎందుకు? దీనికి తేలికైన జవాబు లేదు. గుంపులుగా వెళ్తే అడ్డే. నాట్లు వేస్తున్న ఆడవాళ్లను అడగకుండా ఫొటోలు తీస్తే అది అమర్యాద. పండుగ వాళ్లది, మన వినోదం కోసం చేసేది కాదు. ఇద్దరు ముగ్గురుగా, ఎవరి పని ఆపకుండా, అడిగి అడుగుపెట్టేవాళ్లకే ఈ మాట చెబుతున్నాను. అందరూ అలా వెళ్తే అదీ సీజనే అవుతుందని భయపడక్కర్లేదు. జనాన్ని ఒకే వేకువలో ఒకే కొండమీదికి తోసేది మంచు. పూత, నాట్లు, వాన, పచ్చదనం ఏడాది పొడవునా, ఊరూరా పరుచుకుని ఉంటాయి. ఆ కొండమీద మిగిలే ప్లాస్టిక్ చెత్తా తగ్గుతుంది. డబ్బు లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. గుడారాలు అద్దెకిచ్చేవాళ్లకు, బొంగు చికెన్ అమ్మేవాళ్లకు రాబడి ప్రధానంగా ఆ చలి నెలల్లోనే. పాత పంట నిండుకుని కొత్తది చేతికి రాని ఆషాఢ శ్రావణాల్లో అక్కడ ఖర్చుపెట్టే వంద రూపాయలకు విలువ ఎక్కువ.

ఈసారి వేసవి మొదట్లో వాన పడిందో లేదో చింతపల్లిలో ఎవరినైనా అడిగి, పూత సమయానికి బయలుదేరండి. రెండు రాత్రులైనా ఉండండి. వారపు సంతలో పసుపు, మిరియాలు బేరమాడకుండా కొనండి.