ఏడుగురు శ్రోతలు

స్థానం నరసింహారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి మహానటులకు వన్స్‌మోర్‌లు కొట్టిన ఊరు మా తెనాలి. అలాంటి ఊళ్లో పాటకచ్చేరీకి ఏడుగురే వచ్చారంటే నమ్ముతారా?

తప్పంతా తేదీది. 2003 మార్చి 23, ఆదివారం. జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఆస్ట్రేలియా వాళ్లు 359 పరుగులు చేసి కూచున్నారు. ఊరంతా టీవీల ముందే. గుడి మంటపంలో వరసలుగా అద్దె కుర్చీలూ, మేం ఏడుగురమూ. తంబూరా వేయాల్సిన కుర్రాడు కూడా మాయం!

"మీలో ఎవరికైనా తంబూరా వచ్చునా అమ్మా?" అనడిగారు పాడే ఆవిడ.

నా పక్కనున్న అమ్మ కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. పెళ్లికి ముందు సంగీతం నేర్చుకుందని వినడమే గానీ, ఇంట్లో కూనిరాగం తీయగా కూడా నేనెరగను. శ్రోతలం ఆరుగురమయ్యాం. రెండు గంటలసేపు అమ్మ ఒక్కసారైనా నావంక చూడలేదు.

ఇంటికొచ్చేసరికి మనవాళ్లు 125 పరుగుల తేడాతో ఓడిపోయారు. నాన్నగారు దిగులుగా, "మీ కచ్చేరీకి జనం వచ్చారా?" అన్నారు.

"నిండుగా వచ్చారండీ" అంది అమ్మ, ఎర్రబడ్డ వేలికి కొంగు చుట్టుకుంటూ.

ఈమధ్య నా నవల ఆవిష్కరణకు పదకొండుమంది వచ్చారు. ఇంట్లో అడిగితే అమ్మ మాటే చెప్పాను. అబద్ధమంటారా?