మైనపు చుక్క

సింగపూర్‌లో మా అమ్మాయి బడి ఆర్ట్ క్లబ్ పిల్లలకు తోడుగా ఇండోనేసియాలోని యోగ్యకర్త వెళ్లాను. అక్కడ బాతిక్ అద్దకం నేర్పే పెద్దావిడ, ముక్కున్న బుల్లి రాగి గిన్నె లాంటి ‘చాంతింగ్’ను కరిగిన మైనంలో ముంచి, ఉఫ్‌మని ఊది, బట్ట మీద గీత లాగారు. మైనం అంటినచోట రంగెక్కదు, అదే కిటుకు.

మా పిల్ల చెయ్యి వణికింది. పువ్వు పక్కన చుక్క పడింది. కళ్లనిండా నీళ్లు. ఆవిడ నవ్వి, చుక్కకు రెక్కలు గీసి తుమ్మెదను చేశారు.

ఇండోనేసియా బాతిక్‌ను యునెస్కో గుర్తించింది 2009లో. నాకు మాత్రం బట్ట మీద బొమ్మలు గీసే మన శ్రీకాళహస్తి వెదురు కలం గుర్తొచ్చింది. 17వ శతాబ్దంలో మన మచిలీపట్నం అద్దకం బట్టలు ఓడలెక్కి ఈ దీవులకే వచ్చేవి, సుగంధద్రవ్యాలకు మారకంగా.

పిల్లని పరదేశం తీసుకెళ్లాననుకున్నాను. చుట్టాలింటికే తీసుకెళ్లానేమో!