ఏథెన్సులో మూడు రోజులు

ఏథెన్సు పేరు మనందరికీ సాంఘికశాస్త్రం పుస్తకంలోనే పరిచయం. ప్రజాస్వామ్యం పుట్టిన ఊరని చదువుకున్నాం, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం. భార్యాభర్తలమైన మేమిద్దరం సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో చదువుకున్నవాళ్ళమే. ఆ ఊళ్ళో మూడు రోజులు తిరిగే అవకాశం మాకు కలిగింది. చూసినవన్నీ చెప్పాలంటే ఈ సంచిక చాలదు. హాస్టల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికివస్తాయనిపించిన సంగతులు మాత్రం రాస్తున్నాం.

విమానాశ్రయం నుంచి మెట్రో రైల్లో ఊరి నడిబొడ్డున ఉన్న సింటగ్మా స్టేషన్లో దిగాం. మెట్రో కోసం తవ్వినప్పుడు బయటపడిన పురాతన వస్తువులను స్టేషన్లోనే అద్దాల వెనుక పెట్టారు. సింటగ్మా అంటే గ్రీకు భాషలో రాజ్యాంగం. 1843లో సైనికులు, ప్రజలు రాజభవనం ముందు గుమిగూడి రాజు చేత రాజ్యాంగానికి ఒప్పించారట. అందుకే ఆ కూడలికి ఆ పేరు. నాటి రాజభవనమే నేటి పార్లమెంటు.

మొదటి రోజు ఆక్రోపోలిస్ కొండ ఎక్కాం. నువ్వులద్దిన కులూరి అనే గుండ్రని రొట్టె చేతిలో పట్టుకుని పొద్దున్నే బయలుదేరాం. అక్కడి పార్థినాన్ ఆలయాన్ని క్రీ.పూ. 447లో మొదలుపెట్టారు. పాలరాయిని పెంటెలీ కొండ నుంచి తెచ్చారు. 1687లో వెనిస్ సైన్యం పేల్చిన గుండుకు లోపల దాచిన మందుగుండు అంటుకుని నడిమి భాగమంతా ఎగిరిపోయింది. 1800 తర్వాత ఎల్గిన్ ప్రభువు చాలా శిల్పాలను ఊడదీయించి ఇంగ్లండుకు పంపాడు. కొండ కింద 2009లో తెరిచిన మ్యూజియంలో, అసలు శిల్పం లండన్లో ఉన్నచోట తెల్లని అచ్చు పెట్టారు. ఏది తమ దగ్గరుందో, ఏది పోయిందో పిల్లలకు కూడా ఇట్టే తెలిసిపోతుంది.

పార్థినాన్ పక్కనే ఎరెక్థియాన్ అనే చిన్న ఆలయం ఉంది. మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది అదే. క్రీ.పూ. 409 తర్వాత కొన్నేళ్ళపాటు దాని నిర్మాణపు లెక్కలను రాతిపలకల మీద చెక్కారు. ఆ ముక్కలు దొరికాయి. వాటిలో హోదా తెలిసిన పనివాళ్ళు 86 మంది. అందులో పౌరులు 24 మంది, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు 42 మంది, బానిసలు 20 మంది. ఎవరైనా సరే, రోజుకూలి సాధారణంగా ఒక ద్రాక్మా. వాస్తుశిల్పికి కూడా అంతే! అయితే బానిస కూలి మీద హక్కు యజమానిది. పని సమానం, కూలి సమానం, సభలో కూర్చునే చోటు మాత్రం సమానం కాదు.

రెండో రోజు అగోరా చూశాం. అది ఆనాటి సంతా, కచేరీ, కోర్టూ ఉన్న చోటు. అక్కడి మ్యూజియంలో వరసగా గాళ్ళు చెక్కిన రాయి ముక్క ఒకటుంది. ఆ గాళ్ళలో పేర్ల రేకులు గుచ్చి, నల్లవీ తెల్లవీ గోళీలు వదిలి, ఆ రోజు న్యాయనిర్ణేతలెవరో చీటీ తీసినట్టు తేల్చేవారు. పేదవాడు ఒక రోజు కోర్టులో కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని పెరిక్లీస్ వారికి భత్యం ఏర్పాటు చేశాడు. తర్వాత అది మూడు ఓబోళ్ళయింది. అంటే అర ద్రాక్మా. క్రీ.పూ. 400 తర్వాత ప్రజాసభకు వచ్చినవారికీ భత్యం ఇచ్చారు. ఇది చదివినప్పుడు మాకు మన మెస్ చార్జీలు, స్కాలర్‌షిప్పులు గుర్తొచ్చాయి. చదువుకునే హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, కంచంలో అన్నం కూడా ఉండాలి. దాన్ని దానం అనేవాళ్ళకు ఏథెన్సు సంగతి చెప్పండి.

మూడో రోజు ప్నిక్స్ గుట్టకు వెళ్ళాం. ప్రజాసభ జరిగిన చోటు అదే. ఆక్రోపోలిస్ దగ్గర టికెట్టూ, జనమూ. ఇక్కడ టికెట్టు లేదు, జనమూ అంతగా లేరు. కొండరాతిలో తొలిచిన వేదిక మాత్రం ఉంది. ఎవరు మాట్లాడదలచారని దండోరా అడిగితే, ఏ పౌరుడైనా లేచి ఆ మెట్లెక్కవచ్చు. స్త్రీలు, బానిసలు, బయటివాళ్ళు మాత్రం ఎక్కడానికి వీల్లేదు. ఆ దేశంలో స్త్రీలకు పూర్తి ఓటుహక్కు వచ్చింది 1952లో. మన దేశంలో 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లోనే స్త్రీ పురుష భేదం, కుల భేదం లేకుండా వయోజనులందరికీ ఓటుహక్కు ఉంది.

1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ బాబాసాహెబ్ అంబేద్కర్, గ్రీసు చరిత్ర రాసిన గ్రోట్ అభిప్రాయాన్ని ప్రస్తావించారు. రాజ్యాంగ నీతి మనుషులకు తనంత తాను అబ్బదని, సాధన చేసి నేర్చుకోవాలని ఆయన హెచ్చరించారు. ఆ వేదిక పక్కన నిలబడి మేమిద్దరం ఈ సంగతే మాట్లాడుకున్నాం. గుడి కట్టినవాడికి సభలో చోటివ్వని ఊరు అది. మనకు ఆ చోటు రాసిపెట్టి ఉంది. వాడుకోవడం మన పని.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పద్దెనిమిదేళ్ళు నిండగానే ఓటరుగా పేరు నమోదు చేయించుకోండి. అంతకంటే ముందు, హాస్టల్లో మెస్ కమిటీ సమావేశం పెట్టినప్పుడు వెనుక వరసలో దాక్కోకండి. లేచి నిలబడి, మీ మాట మీరే చెప్పండి.