కూలి లేని కలుపు

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన పసిఫికా అనే ఊరుంది. శనివారం పూట అక్కడి సముద్రపు గట్ల మీది పచ్చిక బీళ్లలో కలుపు తీసేవాళ్లు కనిపిస్తారు. కూలి ఇవ్వరు సరికదా, ముందుగా పేరు రాయించుకుని మరీ రావాలి. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ సంగతి కడపలో ఉన్న అమ్మకు ఫోన్లో చెబితే, “మన చేన్లో కలుపు తీయమంటే పరీక్షలుండాయంటివి గదరా!” అంది.

ఇక్కడ మా ప్రధాన శత్రువు ఐస్ ప్లాంట్. పుట్టిల్లు దక్షిణాఫ్రికా. గంగపాయల కూరకు వేలెడు లావు ఆకులు వచ్చినట్టుంటుంది. పసుపు, గులాబి పూలతో ముద్దొస్తుంది కూడా. కానీ నేలంతా కమ్మేసి, కింద మరో మొలకను లేవనివ్వదు. పీకడం తేలికే, పట్టి లాగితే బారెడు తీగ లేచి వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. గనుపు గనుపునా వేరు పోసే రకమది. తెగిన ముక్క ఒక్కటి తడి మట్టి మీద పడిందా, మళ్లీ కాపురం పెడుతుంది. అందుకే వేళ్లు పైకి ఉండేలా కుప్ప వేసి ఎండబెడతాం.

పీకడం కన్నా వదిలేయడం పెద్ద విద్య. ఆ పక్కనే మిలాగ్రా రిడ్జ్ కొండ మీద మిషన్ బ్లూ అనే బుల్లి నీలి సీతాకోకచిలుక ఉంది. అంతరించిపోతున్న జీవుల జాబితాలో 1976లోనే చేరింది. అది గుడ్లు పెట్టేది మూడు రకాల లూపిన్ మొక్కల మీదే. ఆకుల మీద వెండిరంగు నూగు కనబడితే చెయ్యి ఆగిపోవాలి.

ఐస్ ప్లాంట్ దొంగచాటుగా రాలేదు. 1900ల తొలినాళ్లలో రైలు పట్టాల పక్కన మట్టి జారకుండా నాటారు. రహదారుల వాళ్లు 1970ల దాకా నాటుతూనే వచ్చారు. మన సర్కారు తుమ్మ కథా అంతే. జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో వేయించింది అటవీ అధికారులే. వంటచెరకు దొరికిన మాట నిజం, బొగ్గు కాల్చుకుని బతికినవాళ్లూ ఉన్నారు. బీళ్లూ చెరువులూ మాత్రం దాని పాలయ్యాయి. నాటినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. ఎదురుగా ఉన్న ఒక్క అవసరాన్నే చూశారు, అంతే.

అందుకే ఇక్కడ కలుపు తీసిన చోట నాటే మొక్కలకు విత్తనాలు ఆ చుట్టుపక్కలే ఏరుతారు. “ఇంత తంటా ఎందుకు, త్వరగా పెరిగేదేదైనా తెచ్చి వేస్తే పోలా?” అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. వాళ్లకు కమలాపురం ఎక్కడుందో చెప్పే పని నాది.