పెనుకొండ ఎక్కాము!

పిల్లలూ! పొద్దున్నే హిందూపురంలో రైలెక్కి పెనుకొండలో దిగాము. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు ఇదే. గగనమహలు చూసి కొండ ఎక్కసాగాము. గుండ్రాళ్ళు, ముళ్ళపొదలు, మండే ఎండ. సగం దారిలోనే సీసాలు ఖాళీ! నాలుక పిడచకట్టింది.

"అయ్యవారూ, ఆ కాలంలో ఈ ఊరివాళ్ళు ఏం తాగేవారు?" అన్నాడొకడు.

బండనీడన కూర్చుని చెప్పాను. ఊరు రాజధాని కాకముందే, 1388లో, ఇక్కడి పాలకుడు ప్రతాప బుక్కరాయలు సింగాయభట్టును పిలిచి, పెన్నానదిని పెనుకొండకు తెమ్మన్నాడు. నీరు పల్లానికే పారుతుంది కదా. వాలు తప్పితే కాలువ దండుగ. భట్టుకు ఆ విద్య తెలుసు. సిరువెర చెరువుదాకా కాలువ తీయించాడని శాసనమున్నది.

శిఖరం చేరాక పిల్లలు కోట చూడడం మాని, కాలువ జాడ ఎక్కడా అని కిందికే చూశారు. నాకు మాత్రం కుండనీళ్ళమీదే ధ్యాస!